బహదూర్‌పురాలో పడిన బ్రేకు

బ్రేకులు పడక బండ్లు గోడలకు గుద్దుకున్న కథలు మీరు మస్తు విని ఉంటారు. నాది వేరు. బ్రేకులు మరీ బాగా పడి కొంప మునిగిన మనిషిని నేను. మా ఛత్రినాక బస్తీలో ఈ సంగతి రకరకాలుగా తిరుగుతోంది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తున్నాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

కిరాయిలకు తిప్పే నా పికప్ బండికి వయసు మీద పడింది. వెనక చక్రాల డ్రమ్ములకు ఒరుసుకుని బండిని ఆపే బ్రేకు షూలు అరిగిపోయి, ఆపినప్పుడల్లా మేకలా అరిచేది. దీనికి మెకానిక్ ఎందుకని ఒక ఆదివారం నేనే విప్పాను. ఒక స్ప్రింగు ఎగిరి ఎదురింటివాళ్ల వడియాల్లో పడింది. అది అసలు ప్రమాదం కాదులెండి. కొత్త షూలు ఎక్కించాక ఆఖరి పని, బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం. దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బండి కింద పడుకుని నట్టు వదులు చేసి, గాలి పోయాక మళ్లీ బిగించాలి; బిగించేదాకా పైనున్నవాళ్లు కాలు తీయకూడదు. మా ఇంట్లో ఉండేదే ఇద్దరం. ఎప్పుడూ సీట్లో నా భార్య సుజాత, కింద నేను.

ఆ రోజు లోపల పాలు పొంగిన వాసన వచ్చి ఆమె నేను చెప్పకముందే కాలు తీసేసింది. పైపులోకి మళ్లీ గాలి పోయింది, పని మొదటికొచ్చింది. నేను కిందినుంచే, గల్లీ అంతా వినేటట్టు అన్నాను: "నీ జాగల ఇటుక పెట్టినా నయమే."

బండి కింద ఉన్నవాడికి కాళ్లే కనిపిస్తాయి. ఆ కాళ్లు దిగాయి. లోపలికి పోయాయి. బయటికి పోయేటప్పుడు వేసుకునే చెప్పులు వేసుకుని వచ్చాయి, పక్కన ఒక సంచీ. గల్లీ మలుపు దాకా వాటినే చూస్తూ ఉన్నాను. లేచి పిలవాలని తోచలేదు. అవి బహదూర్‌పురాలో ఆమె చెల్లెలింటికి పోయాయి.

మర్నాడు నిజంగానే పెడల్ మీద ఇటుక పెట్టాను. ఇటుక బాగానే తొక్కింది, కానీ ఎప్పుడు వదలాలో దానికి తెలియదు. కింద దూరి నట్టు విప్పడం, బిగించడం, పాకుతూ వచ్చి ఇటుక తీయడం, పెట్టడం. మధ్యలో అలవాటు కొద్దీ "నొక్కు" అని అరుస్తున్నాను. ఎదుటి చాయ్ దుకాణం ఖాజా భాయ్ వంగి చూశాడు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్, నర్సింగ్ భాయ్?"

"బండితోని."

"జవాబిస్తుందా?"

"ఇయ్యది."

పాపం, తానొచ్చి తొక్కుతానన్నాడు. వద్దన్నాను. ఆయన సీట్లో కూర్చుంటే, ఎప్పుడూ అక్కడ కూర్చునే మనిషి మాట కూడా వస్తుంది కదా. ఆ రాత్రి కూడా ఇద్దరికి సరిపడా అన్నం వండి, గిన్నె ముందు తెల్లమొహం వేశాను.

ఎలాగోలా గాలి తీశాను గానీ, తొక్కి చూసే మనిషి లేక, బ్రేకు ఎంత బిగించాలో అందలేదు. షూలు డ్రమ్ముకు తగిలీ తగలనట్టు ఉండాలి. నేను పంతానికి పహిల్వాన్‌లా బిగించి, నా పనితనం చూపించి సుజాతను తీసుకొద్దామని బయలుదేరాను. దారిలో శాలిబండ దగ్గర కాలిన వాసన వస్తే ముందున్న ఆటోవాణ్ని తిట్టుకున్నాను. బహదూర్‌పురాలో పొగ కనిపించాక అది నా బండిదేనని అర్థమైంది. మరదలి గేటు ముందు చక్రాలు పూర్తిగా పట్టేసి, బండి గల్లీకి అడ్డంగా తనంతట తానే ఆగింది. వెనక ఆటోలు కచేరీ మొదలుపెట్టాయి.

మరదలి భర్త బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. పోస్తే డ్రమ్ము పగులుతుందని ఆపాను. చల్లారేదాకా రోడ్డంచున కూర్చున్నాను. లోపలినుంచి పులుసు వాసన, నవ్వులు, వాటిలో సుజాత నవ్వు. ఆ పక్కనే ఉన్న జూ వైపు నుంచి సింహం గర్జించింది. దానికి కూడా ఇంకో సింహం బదులు పలికింది.

చల్లారాక షూలు వదులు చేశాను, చక్రాలు తిరిగాయి. కానీ ఆ వేడికి బ్రేకు ఆయిల్ మరిగి పైపుల్లో మళ్లీ గాలి చేరింది. పెడల్ మెత్తగా దిగిపోతోంది. గేటు దగ్గర నిలబడి సుజాతను పిలిచి, కాస్త తొక్కిపెడతావా అని అడిగాను.

"ఇటుక ఏమాయె?" అంది సుజాత.

"అది నా మాట ఇనదు."

"నేనెందుకు ఇనాలె?"

నేను మళ్లీ బండి కింద దూరాను. కాసేపటికి సీటు కిర్రుమంది. ఆమె సరిగ్గా తొక్కింది, సరిగ్గా వదిలింది. పెడల్ రాయిలా గట్టిపడింది. చేతులు తుడుచుకుని, వీలైనంత వినయంగా, ఇంటికి పోదామా అన్నాను.

"నేను ఏడికి పోయిన్నని చెప్పినవ్ బస్తీల?"

"మీ చెల్లెకు పానం బాగలేదు, చేసిపెట్టనీకి పోయిందని."

ఆ రోగి సరిగ్గా అప్పుడే నిండు గ్యాస్ సిలిండర్‌ను ఒంటి చేత్తో లోపలికి ఈడ్చుకుపోతోంది.

సుజాత బండి దిగింది. "అయితే దాని పానం బాగయ్యేదాంక ఈడనే ఉంట."

ఖాళీ సీటును పక్కన పెట్టుకుని ఇంటికొచ్చాను. బ్రేకులు అద్భుతంగా పడ్డాయి. ఖాజా భాయ్ రోజూ నా మరదలికి నయం కావాలని దువా చేస్తున్నాడు. ఇది రాసేనాటికి ఆమె ఇంకా కోలుకోలేదు.

కాబట్టి బస్తీ పెద్దలారా, ఆమెకు ఏ రోగమూ లేదు, రోగం నా నోటికి. ఇక జన్మలో నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషిని మంచాన పడుకోబెట్టనని, గ్రీజు చేతులతో ప్రమాణం చేస్తున్నాను.