ఆకు విరిచి చూసిన మా అమ్మ

ఇవాళ బిర్యానీ ఆకుల ప్యాకెట్ విప్పగానే, ఆళ్లగడ్డలో పెళ్ళిళ్ళకు పలావు వండిన మా అమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్ళల్లోనూ పురుగు పట్టకుండా బియ్యం డబ్బాలో ఈ ఆకులు వేసేవాళ్ళు కదా?

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, నంద్యాల అంగట్లో అమ్మ బిర్యానీ ఆకుల మూటలోంచి ఒక ఆకు తీసి, విరిచి వాసన చూసింది.

"దీంట్లో వేరే ఆకు కలిపినారప్పా."

"నీకేం తెల్సమ్మా?" అన్నాడు అంగడాయన విసుగ్గా.

"నువ్వే విరిచి సూడు."

ఆయన విరిచాడు. వాసనే లేదు. ఇంకోటి విరిచాడు, అదీ అంతే. ఆ మూట పక్కన పెట్టించి, లోపలి నుంచి కుర్చీ తెప్పించాడు.

"కూచోమ్మా. మిగతా మూటలు గూడా నువ్వే సూసి చెప్పు."

పెళ్ళిళ్ళలో పొయ్యి దగ్గరే నిలబడే మా అమ్మ, ఆ రోజు అందరి ముందూ కుర్చీలో కూర్చుంది. అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ, వాళ్ళు అడక్కపోయినా, "మాయమ్మ" అని చెప్పాను.