పేరంటాలి ముద్ద

కొత్తవలస నుంచి కిరండూలు వైపు గూడ్సు బళ్లు కొత్తగా తిరుగుతున్న రోజులు. నేను కొత్తవలస స్టేషన్లో మూటలు మోయించే మేస్త్రీని. ఐదో తరగతిలో మాస్టారి నడక నడిచి చూపిస్తుంటే ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. నా చదువు అక్కడితో ఆగింది, నవ్వించడం మాత్రం ఆగలేదు. చావింట్లో కూడా నలుగురిని నవ్వించి తిట్లు తిన్నవాణ్ణి. అలాంటి నాకు నా భార్యను నవ్వించడం చేతకాలేదు.

మా తొలి బిడ్డ పుట్టిన మూడో రోజున పోయింది. అప్పట్నుంచి ఆమె తిండి మానేసింది. కంచం ముందు కూర్చునేది, మెతుకులు కెలికేది, లేచిపోయేది. రెండు నెలలకి చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి.

"ఊరు మార్సి సూడరా, నేకపోతే ఇది మనకి దక్కదు" అంది వాళ్లమ్మ, అంటే మా మేనత్త.

విజయనగరంలో కోటగోడకు ఎదురుగా ఒక పాత మేడ ఉండేది. కింద ఒక ముసలామె. పైన ఒక గది, వంటిల్లు. అమ్మవారి పండక్కీ, కోట చూడ్డానికీ వచ్చే కుటుంబాలకు వారం పది రోజులకని అద్దెకిచ్చేది. గిన్నెలు, పొయ్యి, కట్టెలు ఆమెవి, వంట మనది. మా ఇద్దరికీ చెరో తాళంచెవి ఇస్తూ ఒక్క షరతు పెట్టింది.

"వండినాక ముందు ముద్ద పొయ్యి పక్క గూట్లో ఆకు మీద ఎట్టాల. మా కోడలు ఆ వంటింట్లోనే నొప్పులొచ్చి, బిడ్డతో పాటు ఎల్లిపోనాది. ఇప్పుడు మా ఇంటి పేరంటాలు. అది తినకుండా ఆ పొయ్యి మీదది ఎవులూ తినకూడదు."

ముత్తైదువగా పోయిన ఆడదాన్ని పేరంటాలని కొలవడం మా వైపు ఉన్నదే. కానీ బిడ్డ పోయినదాన్ని తెచ్చి తెచ్చి ఆ పొయ్యి దగ్గరా కూర్చోబెట్టడం? వెళ్లిపోదామని తిరిగి చూస్తే నా భార్య అప్పటికే మెట్లెక్కేసింది.

మొదటి రోజు వండి, గూట్లో ముద్ద పెట్టి, ఆమె బావి దగ్గరకు వెళ్లింది. నేను ఆ ముద్ద మింగేశాను. భక్తి లేక కాదు. ఆమె వచ్చి బెదిరిపోతే "నానే తినీసినాను" అని నవ్విద్దామని. నా తెలివి అంత గొప్పది.

ఆమె వచ్చి ఖాళీ ఆకు చూసింది. బెదరలేదు. "తినేసినాది పాపం" అని కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తింది.

నేనూ కంచం ముందు కూర్చున్నాను. నిజం చెబితే ఆ నాలుగు ముద్దలూ పోతాయి. ఇక రోజూ అదే పని, ఆమె పెట్టడం, నేను దొంగతనంగా తినడం. ఒకరోజు పచ్చిమిరపకాయల పప్పు నిప్పులా ఉంది.

"ఏటి బావా, ఏడుస్తన్నావా?"

"పొగే."

ఆమె గూటితో మాట్లాడటం మొదలుపెట్టింది. పక్క గదిలోంచి వినేవాణ్ణి. "మీదేటి, ఆడపిల్లా? మాదీ ఆడపిల్లే." తర్వాత కాసేపు ఆగేది, అవతలివాళ్లు చెప్పేది వింటున్నట్టు. ఆ ఆగడమే నాకు పడేది కాదు. పట్టపగలు, కోటగోడ మీద ఎండ కాస్తుండగానే నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. అయితేనేం, ఆమె తింటోంది.

ఎనిమిదో రోజు మూటలు తడిశాయని కబురొస్తే పొద్దున్నే బండెక్కి కొత్తవలస పోయాను. తిరిగొచ్చే దారంతా ఒకటే బెంగ. ముద్ద గూట్లో అలాగే ఉండిపోయి ఉంటుంది, ఆమె తిని ఉండదు.

ఎండ తగ్గకముందే ఇల్లు చేరాను. ఆకు ఖాళీగా ఉంది, ఒక్క మెతుకు లేదు. ఆమె తిన్న కంచం కడిగి బోర్లించి ఉంది.

కిందికి దిగి ముసలామెను అడిగాను. "మామ్మా, ఇయ్యాల పైకొచ్చినావా?"

"నా మోకాళ్లతోనా? మెట్లెక్కి రెండేళ్లయినాది. నీ పెళ్లాం వండేసి, వంటింటికి తాళమేసి నా కాడికే వచ్చినాది. జడేసినాను. అప్పుడెల్లి తిన్నాది."

పిల్లి అనుకుందామంటే, ఆ వంటింటికున్న ఒక్క కిటికీకీ ఇనప వల కొట్టి ఉంది.

పదో రోజు బట్టలు సర్దుతూ ఆమె తనలో తను నవ్వుకుంది. "మొదటి రోజే నీ మీసంలో మెతుకున్నాది బావా."

"తెలిసీ ఊరుకున్నావేటి?"

"నా సేత తినిపించడానికి నువ్వు దొంగకూడు తింతన్నావు. నాను తినకపోతే ఏటి బాగుంటాది?" చీర మడత పెడుతూ అంది, "ఎనిమిదో రోజైతే మరీను. కొత్తవలస ఎల్తన్నానని సెప్పి, సాటుగా వచ్చి, నీ తాళంచెవితో తీసి తినేసి పోనావు సూడు, నవ్వాపుకోనేకపోనాను. ఆ నవ్వుకే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను."

మడిచిన చొక్కా విప్పి మళ్లీ మడిచాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది. బుగ్గల మీద కాస్త కండ పట్టింది.

"మరేటి, నానంటే ఏటనుకున్నావు" అన్నాను.

ఆమె మూట పట్టుకుని మెట్లు దిగింది. వంటింటి తలుపు వేయాల్సింది నేను. దానికి గూటికి ఎదురుగా నిలబడాలి. వెయ్యకుండానే దిగిపోయాను. ముసలామె అడిగితే మరిచిపోయానన్నాను.