మా తాతయ్య దిగి నడిచే చోట్లు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. పాత జ్ఞాపకాలు తియ్యగా ఉంటాయంటారు. ఇది ఉండదు. మా మనవరాలు రాసి పెట్టమని పోరుతోంది కాబట్టి రాస్తున్నాను గానీ, కోపం తీసేసి రాయమంటే మాత్రం నాకు చేతకాదు.

మాది గురజాల దగ్గర ఒక పల్లె. మా తాతయ్య ఆ ఊరి మునసబు. ఆయనకి గోధుమ రంగు ఆడగుర్రం ఒకటి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. నాకు తొమ్మిదేళ్ళు, గుర్రానికి ఇరవై దాటాయి. గుర్రానికి ఇరవై అంటే ముసలితనమే. అయినా తాతయ్య దాని మీద నరసరావుపేట దాకా ముప్పై మైళ్ళు ఒక్క పగట్లో వెళ్ళి, అక్కడ ఒక రోజు ఆగి, మళ్ళీ ఒక్క పగట్లో తిరిగి వచ్చేవాడు. పడుచు గుర్రాలున్నవాళ్ళు కూడా అది ఎలా సాధ్యమని నోళ్ళు నొక్కుకునేవాళ్ళు.

అందులో మాయేమీ లేదు. తాతయ్య దిగి నడిచేవాడు. పేట దారిలో ఆయన దిగే చోట్లు పది ఉండేవి. మొదటిది మా ఊరి వాగు దాటాక వచ్చే ఎత్తు. తరవాత రాళ్ళ దారి మొదలయ్యే చోటు, సున్నపు బట్టీల పక్కన వేపచెట్టు, ఇలా పేట దాకా. అక్కడ దిగి, గుర్రం పొట్ట కింది పట్టీ వదులు చేసి, ముందు కాలి వెనకగా అరచెయ్యి ఆనించి గుండె ఎలా కొట్టుకుంటోందో చూసేవాడు. అది నెమ్మదించే దాకా పక్కనే నడిచేవాడు. నా చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టి చూపించాడు ఒకసారి. "అలిసినాక ఆపి ఏం లాభమే, అలవక ముందే ఆపాల" అనేవాడు. గుర్రాన్ని పెట్టుకుని నడిచిపోయే మునసబు అని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన పట్టించుకుంటేగా.

ఏళ్ళ తరబడి అలా జరిగేసరికి గుర్రానికి ఆ చోట్లన్నీ వచ్చేశాయి. అక్కడికి రాగానే తనే ఆగిపోయేది. మీదున్న మనిషి దిగితే గానీ కదిలేది కాదు. ఒకనాడు తాతయ్య నన్ను దాని మీద కూర్చోబెట్టి వాగు దాకా తీసుకెళ్ళాడు. ఎత్తు దగ్గర అది ఆగితే నేను జర్రున దిగి, పక్కనున్న బండరాయి మీద నుంచి వెంటనే మళ్ళీ ఎక్కేశాను. పాపం, అది కదిలి నడిచింది. నేను పకపకా నవ్వాను. ఎన్నడూ చెయ్యి చేసుకోని తాతయ్య నా చెవి మెలిపెట్టాడు. "నువ్వు దిగావని నమ్మి అది ఊపిరి తీసుకుంటది. దాన్ని మోసం చెయ్యమాక" అన్నాడు.

ఆ ఎండాకాలం ఒక పెద్ద ఉద్యోగి మా ఊరికి కాంపు వచ్చాడు. ఏ ఆఫీసో, ఏ హోదానో రాయను. అతని మనవలు ఎక్కడో ఉంటారు, వాళ్ళేం చేశారు. కాంపు అంటే ఆ రోజుల్లో ఊరి మీద పడి తినడమే. కోళ్ళు, నెయ్యి, మంచాలు, బళ్ళు అన్నీ ఊరే సమకూర్చాలి, ఇదేమిటని అడగకూడదు. పనయ్యాక అతను పేట వెళ్ళాలి. బొగ్గుతో నడిచే బస్సు చెడిపోయింది. రైలెక్కితే గుంటూరు చుట్టి రావాలి. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా తాతయ్య, ఎందుకు నోరు జారాడో గానీ, తన గుర్రం గొప్ప చెప్పుకున్నాడు. ఈ వయసులో కూడా ఒక్క పగట్లో పేట చేరుతుందని మురిసిపోతూ చెప్పాడు.

మర్నాడు తెల్లవారకముందే అతని బంట్రోతు వచ్చి గుర్రానికి జీను వెయ్యమన్నాడు. తాతయ్య వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దదయిందండీ. నేనంటే దిగి దిగి పోతా" అన్నాడు. "ఒక్క పగట్లో పోద్దని నిన్న నువ్వేగా అన్నావు. అబద్ధమా అది?" అన్నాడు అతను. మా తాతయ్య "చిత్తం" అన్నాడు. ఊళ్ళో ఎంతటివాడి తగాదా అయినా తెగేసి తీర్చే మనిషి, ఒక్క మాటకి తల వంచేశాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ కోపంలో కొంత ఇప్పటికీ తాతయ్య మీదే ఉంది, దాచడమెందుకు.

అతను గుర్రం మీద ముందు, అతని సామానుతో మా బండి వెనక. గుర్రాన్ని ఒంటరిగా పంపడం ఇష్టం లేక బండి తాతయ్యే తోలాడు. బంట్రోతు పక్కన కూర్చున్నాడు. సెలవులకి పేటలో మా మేనత్త ఇంటికి వెళ్ళాల్సిన దాన్ని కాబట్టి నన్నూ ఎక్కించారు.

వాగు దాటాక గుర్రం ఆగింది. అతను అదిలించాడు, మడమలతో పొడిచాడు. అది చెవులు కూడా కదపలేదు. తాతయ్య వెళ్ళి, తవరు దిగి నాలుగడుగులు నడిస్తే అదే వస్తదని చెప్పాడు. బూట్లేసుకుని ఎత్తు మీదికి నడుస్తూ అతను ఆయాసపడుతుంటే నేను గోతం చాటున నోరు మూసుకుని నవ్వాను. రెండో చోటా అంతే. నా గుర్రం ఎంత గట్టిదో చూశావా అని మురిసిపోయాను.

మూడో చోట సున్నపు బట్టీలు. అప్పటికి ఎండ ముదిరింది. తాతయ్య గుర్రానికి నీళ్ళు తేవడానికి బక్కెట పట్టుకుని దూరంగా ఉన్న బావికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే అతను బంట్రోతు చేత వేపకొమ్మ విరిపించి, జీను మీద నుంచే గుర్రాన్ని బాదడం మొదలుపెట్టాడు. దిగనంటాడు. వాతలు తేలుతున్నాయి. అది తల వంచుకుని నిలబడింది తప్ప ఒక్క అడుగు వెయ్యలేదు. నేను ఓర్చుకోలేకపోయాను. బండి దిగి పరిగెత్తి, "కొట్టమాకండి, ఒక్కసారి దిగి వెంటనే ఎక్కండి, అదే పోద్ది" అని చెప్పేశాను.

అతను నావైపు చూసి, ఒక కాలు రికాబులోనే ఉంచి, రెండో కాలు అలా నేలకి ఆనించి మళ్ళీ పైకి లేచాడు. గుర్రం నడిచింది. "ఓస్, ఇంతేనా" అన్నాడు. తాతయ్య బక్కెటతో వచ్చేసరికి అతను కనుచూపు మేర దాటిపోయాడు. ఏం జరిగిందో నేను చెప్పాను. ఆయన బక్కెట బండిలో పడేసి పగ్గాలు అందుకున్నాడు. ఎన్నడూ ఎద్దుల్ని కొట్టనివాడు ఆవేళ కొట్టి తోలాడు.

ఇరవై మైళ్ళ దగ్గర అందుకున్నాం. అప్పటికి బట్టీల తరవాత ఇంకో నాలుగు చోట్లు దాటాయి. నాలుగు చోట్లా అది నమ్మి ఆగి ఉంటుంది, నాలుగు చోట్లా అతను కాలు తాకించి ఎక్కి ఉంటాడు. గుర్రం ఇంకా నడుస్తూనే ఉంది. తల మోకాళ్ళ దాకా వేలాడుతోంది. మూతి చుట్టూ నురగ. అంత ఎండలోనూ ఒంటి మీద చెమట ఎండిపోయి ఉప్పు తేలింది. తాతయ్య వెళ్ళి కళ్ళెం పట్టుకుని, ముందు కాలి వెనక చెయ్యి పెట్టాడు. నేనూ పెట్టాను. లోపల ఎవరో తలుపు దబదబా బాదుతున్నట్టుంది.

"అయ్యా, ఇది ఇంక రాదు" అన్నాడు తాతయ్య.

"నడుస్తానే ఉందిగా, ఏంది నీ గోల?"

"నడుస్తది. తవరు ఎంతసేపు నడవమంటే అంతసేపు నడుస్తానే ఉంటది. అందుకే నేను ఆపతన్నా."

మునసబు పని ఇంక నీకు ఉండదన్నాడు అతను. తాతయ్య "అట్టాగే కానీయండి" అని, అతను దిగేదాకా కళ్ళెం వదలకుండా నిలబడి, పట్టీ విప్పి, జీను తీసి రోడ్డు మీద పెట్టాడు. అతను మా బండే ఎక్కి, బంట్రోతు తోలుతుంటే పేటకి వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం ఒక తుమ్మచెట్టు కింద మిగిలాం. తాతయ్య బండిలోంచి దించుకున్న బక్కెటతో కుంట నీళ్ళు తెచ్చి, తన పైపంచె తడిపి గుర్రం మెడ, కాళ్ళు తుడుస్తూ, నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాడు. పొద్దు వాలేసరికి అది గడ్డి కొరికింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు, నా వల్లేగా అన్నాను. "నువ్వు దెబ్బలు ఆపాలని చెప్పావు. మునసబు పని పోద్దేమోనని నేను పొద్దున కాదని చెప్పలేదు. మనిద్దర్లో తప్పు ఎవరిదో నాకు తెలుసులే" అన్నాడు. రెండు రోజులు నడిచి ఇంటికి వచ్చాం.

మునసబు పని పోయింది. ఆ ఉద్యోగికి పై హోదా వచ్చిందని విన్నాం. రాదా మరి.

గుర్రం ఇంకో మూడేళ్ళు బతికింది. తాతయ్య దాని మీద దగ్గర ఊళ్ళకే వెళ్ళేవాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన దిగితే అది నమ్మేది కాదు. నిలబడి ఒళ్ళు బిగబట్టుకుని, ఇప్పుడే మళ్ళీ ఎక్కుతాడని ఎదురు చూసేది. జీను మొత్తం దించి, నేల మీద పెట్టి, దానికి కనబడేలా నాలుగడుగులు దూరం జరిగితే గానీ ఊపిరి వదిలేది కాదు. డెబ్భై ఏళ్ళ మనిషి ప్రతి చోటా అంత బరువు జీను దించి, మళ్ళీ ఎత్తి కట్టుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు.

నేను కాపరానికి వచ్చిన ఇంట్లో మిరపతోటలు. కాయ కోసే ఆడవాళ్ళని మధ్యాహ్నం కాసేపు ఆగమని మా మామగారు గట్టు మీద నుంచి కేకేసేవారు. వాళ్ళు నడుముకి కట్టిన ఒడి నిండా కాయలతోనే ఒక్కసారి నడుం ఎత్తి, ఆయన చూపు తమ మీదే ఉండటం చూసి మళ్ళీ వంగేవాళ్ళు. ఆగమన్నానని ఆయన తృప్తి. కొత్త కోడలు గుమ్మం దాటి మాట్లాడకూడని రోజులవి. నేను మొదటి కోతలోనే తోటలోకి దిగి, ఒక్కొక్కరి ఒడి ముడి నా చేత్తో విప్పి, గట్టు మీద పెట్టి, అందర్నీ నీడకి తీసుకెళ్ళాను. ఇంట్లో పెద్ద రభస అయింది. వచ్చి నెల కాలేదు, అప్పుడే ఇంత పొగరా, కొన్నాళ్ళు ఆగి మెల్లగా చెప్పొచ్చుగా అన్నారు. నేను ఆగలేదు. ఇరవై మైళ్ళు పోయాక చెప్పడం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు.