వెల్మాని చంపిన తుపాకీ

తుపాకుల విషయంలో ఓర్విల్ స్టాఫర్‌ది పరమ చాదస్తం. పెన్సిల్వేనియా కొండల్లోని ఆ ఊళ్లో, కొత్తగా వేటకు వెళ్లేవాళ్లకి ఫైర్ స్టేషన్ హాల్లో పాఠం చెప్పేది అతనే. పాఠమంతా ఒకటే ముక్క: తుపాకీ ఖాళీ అని దేవుడు దిగివచ్చి చెప్పినా నమ్మొద్దు, వెనక తూటా గదిని మూసే బోల్టు లాగి చూడండి. చూడకుండా చేతిలోకి తీసుకున్నందుకు షెరీఫ్ గారి బావమరిదినే ఒకసారి నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. అలాంటి మనిషి ఇంట్లోనూ దీపం కింద చీకటి ఉంది.

పశువుల కొట్టం గోడకి తాతగారి స్విట్జర్లాండ్ రైఫిల్ ఒకటి వేలాడుతుండేది. కప్పు కారి, బోల్టు తుప్పుతో బిగుసుకుపోయింది. దానికి సరిపడే తూటాలు తయారుచెయ్యడం ఎప్పుడో మానేశారు. తూటాలే దొరకని తుపాకీతో భయమేమిటని ఇంట్లో అందరూ దాన్ని చీపురుకట్టతో సమానంగా చూశారు. పాఠాలు చెప్పే ఓర్విల్ కూడా అంతే.

ఏటా జింకల వేట మొదలయ్యే ముందు ఆదివారం బంధువులంతా అతని అక్క వెల్మా ఇంట్లో భోజనానికి చేరతారు. అప్పుడు ఆ రైఫిల్ కథ వెల్మా చెప్పి తీరాల్సిందే. "వీడు నన్ను చంపాడర్రా" అని మొదలుపెట్టేది. ఓర్విల్‌కి తొమ్మిదేళ్లప్పుడు స్టూలెక్కి ఆ రైఫిల్ దించి, అక్క గుండెకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడట. టక్కుమందట. వెల్మా నాలుక బయటపెట్టి గడ్డిలో వెల్లకిలా పడిందట. వీడేమో ఏడుపు లంకించుకున్నాడట, అక్క చచ్చిపోయిందని కాదు, రెండోసారి నొక్కితే టక్కుమనలేదని. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఓర్విల్ కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు.

ఈ ఏడు వెల్మాకి కొత్త కోరిక పుట్టింది. కళ్లు మసకలు కమ్ముతున్నాయి, ఇదే ఆఖరి వేట కావచ్చు. "నన్ను చంపిన తుపాకీతో ఒక్క జింకనైనా కొట్టి పోతానురా, బాగుచేసిపెట్టు" అంది. ఓర్విల్ మొదట గునిశాడు. పాత తూటాకి పేలే మందు అంచులో ఉంటుంది, ఇప్పటి తూటాకి నడుమ ఉంటుంది, తూటాని కొట్టే సూది చోటే మార్చాలి, అది ఆషామాషీ పని కాదన్నాడు. ఆవిడ వింటేనా? చివరికి తుపాకీని కొట్టం నుంచి ఇంట్లోకి తెచ్చుకుని, బోల్టుకి నూనె పట్టించి నాననిచ్చాడు.

ఒక పొద్దున కాఫీ తాగి, కొయ్యసుత్తితో బోల్టుని తట్టాడు. కిర్రుమని కదిలింది. వెనక్కి లాగగానే దానితోపాటు ఒక తూటా బయటికి వచ్చి బల్ల మీద పడింది.

ఓర్విల్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తాత ఏ ఎలుగుబంటి కోసమో నింపి, మరిచిపోయి గోడకి తగిలించినట్టున్నాడు. అతన్ని ఆపింది అది కాదు. తూటా అంచు మీద ఎదురెదురుగా రెండు నొక్కులున్నాయి. ఆ రైఫిల్ సూదికి రెండు పళ్లు, ఒక్క దెబ్బకి రెండు నొక్కులు పడతాయి. అంటే దెబ్బ పడింది, ఒక్కటే పడింది. బోల్టు తెరిస్తేగాని రెండో దెబ్బ పడదు, బోల్టు ఈ రోజు దాకా తెరుచుకోలేదు. ఆ ఒక్క టక్కు ఎవరిదో అతనికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

తుప్పు పట్టిన స్ప్రింగు సూదిని సరిగా తొయ్యలేదు, అంతే. అక్కకీ చావుకీ మధ్య అడ్డుపడింది కాస్త తుప్పు. ఓర్విల్ నేల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ తను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి.

తూటాని వాగులో పారేసి, తుపాకీ బాగుపడదని చెప్పేద్దామనుకున్నాడు. కానీ ఆదివారం వెల్మా మళ్లీ ఆ కథ చెబుతుంది, తను మళ్లీ నవ్వాలి. అది తనవల్ల కాదు. మందంతా తీసేసి, ఆ తూటా జేబులో వేసుకుని అక్క ఇంటికి నడిచాడు.

వెల్మా పై అనే తీపి వంటకం కోసం పిండి ఒత్తుతోంది. అతను తూటాని ఆ పిండి పక్కన పెట్టాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. తన తూటాలు తనే నింపుకునే మనిషి, ఆవిడకి వివరించేదేముంది?

"ఇదెక్కడిది?"

"అందులోదే, అక్కా."

వెల్మా ఆ నొక్కుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది. తర్వాత పిండి చేత్తోనే తమ్ముడి చెంప ఛెళ్లుమనిపించింది. కొట్టిన చెయ్యి మళ్లీ వెనక్కి తీసుకోలేదు, అక్కడే చెంపకి ఆనించి ఉంచింది.

"గుండెకి పెట్టరా అని చెప్పింది నేనే," అంది. "నువ్వు కాలికి పెడితే, అక్కడ కాదు ఇక్కడ అని గొట్టం పట్టుకుని నేనే జరిపాను."

ఓర్విల్‌కి అది గుర్తులేదు. ఆ మాటకి అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆదివారం వచ్చింది. జింక మాంసం సాసేజి, బంగాళాదుంపలు, పై, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. వెల్మా కొడుకులు, కోడళ్లు, వాళ్ల పిల్లలతో బల్ల చుట్టూ చోటు చాలలేదు. ఓర్విల్ వాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూశాడు, ఆ తూటా పేలుంటే వీళ్లెవరూ ఉండేవారు కాదు. ఇంతలో ఒక మనవరాలు అడగనే అడిగింది, ఓర్విల్ తాతయ్య నిన్ను చంపిన కథ చెప్పు బామ్మా అని.

వెల్మా ఫోర్కు కింద పెట్టింది.

"వాడు నన్ను చంపలేదర్రా," అంది.

ఆ తర్వాత ఏం చెబుతుందోనని పిల్లలు ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. ఓర్విల్ బంగాళాదుంపల గిన్నె అందుకుని అక్కకి వడ్డించాడు.