తుపాకుల సారు ఏరిచ్చిన పిస్తోలు

తుపాకుల సారు పోయినాడని ఆయన కొడుకు ఫోను చేసినాడు. "మధ్యాన్నం సంగటి తిని కుర్చీలో ఒరిగినాడన్నా. టీ ఇద్దామని పోయి లేపితే పలకలేదు" అన్నాడు. అయ్యో అనుకున్నా. ఆ ఎనకాలే, ఒక్క నొప్పీ పడకుండా పోయినాడు కదా అని మనసు తేలికైంది. మంచాన పడి ఒకరి చేత నీళ్ళు తాపించుకునే మనిషి కాదాయన.

మీకు ఆయన తెలిసుండడు. పోలీసు డిపార్టుమెంటులో తుపాకులు బాగుచేసే పని చేసి, రిటైరై గోరంట్లలో ఇల్లు కట్టుకున్నాడు. మా దిక్కు లైసెన్సు ఉండే ప్రతి ఒక్కడూ కొనేముందర ఆయన్ను అడగాల్సిందే, కొన్నాక ఆయనకు చూపించాల్సిందే. మాకందరికీ ఆయన తుపాకుల సారే.

తుపాకి చేతికిస్తే సారు మొదట చేసే పని ఒకటే. తూటాలుండే మ్యాగజైను ఊడదీసి, లోపలికి తొంగి చూసి, చిటికెనేలు పెట్టి తడిమేవాడు. ఆయన కండ్లముందరే ఖాళీ చేసి ఇచ్చినా అంతే. "ఖాళీనే సార్" అంటే, "నువ్వు చూసినావు. నేను చూడొద్దా?" అనేవాడు. ఇంట్లో గ్యాసు కట్టేసినారా అని కూడా మూడుతూర్లు పోయి చూసేవాడు. "పెండ్లైన కాడ్నుంచి నా మాట నమ్మింది లేదు ఈ మనిషి" అని వాళ్ళింటామె మా ముందరే ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేసి మళ్ళీ ఒకతూరి చూసొచ్చేవాడు.

నాకు పిస్తోలు ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పల్ల. నా చేనూ, మా పెదనాయన కొడుకు చేనూ పక్కపక్కనే. మధ్యలో ఒకే బోరు, మా నాయనలిద్దరూ కలిసి ఏయించింది. వరసగా వానల్లేక చుట్టూ బోర్లన్నీ ఎండిపోయి, ఆ ఒక్కదాంట్లోనే నీళ్ళు మిగిలినాయి. ఇంకేముంది? నా వంతు రోజు అన్న మోటరు ఏస్తాడు, అన్న వంతు రోజు నేను ఫీజు పీకుతా. ఇట్లుండగా ఎద్దుల మేతకని ఏసుకున్న నా శెనక్కట్టె వామి కాలిపోయింది. అన్నే కాల్పించినాడని నేను నమ్మేసినా. చూసినోడు ఒక్కడూ లేడు.

ఆ కాలంలో మా దిక్కు కొంచెం భూమీ, కొంచెం పగా ఉండే రైతులు చానామంది నడుముకు పిస్తోలు పెట్టుకోని తిరిగేవాళ్ళు. నేనూ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చుకున్నా. చేతిలో శెనక్కాయలమ్మిన దుడ్లు, అవీ అంతంతమాత్రమే. సారును ఎంటబెట్టుకోని అనంతపురం బస్సెక్కినా. బస్సులో సీటు కోసం ఒకాయన కాలరు పట్టుకున్నా. సారు నా దిక్కు ఒకతూరి చూసినాడు.

అంగట్లో అద్దాల బీరువాలో కొత్త పిస్తోలొకటి నల్లగా నిగనిగలాడతా ఉన్నింది. రేటు అడిగి నోరు మూసుకున్నా. నా దుడ్లకు వచ్చేటివి రెండే. రెండూ వాడినవే, ఎనక సుత్తి బయటికి కనపడే పాతకాలం మోడలువి. ఒకటి తెల్లగా మెరుస్తా ఉంది. ఇంకోటి రంగు పోయి, చెక్క పిడికి ఎవురి చెమటో పట్టి నల్లబడింది. పిస్తోలు పైన స్లైడని ఒక ఇనుప తొడుగు ఉంటాది. దాన్ని ఎనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతాది. తెల్లదాని స్లైడు రెండు వేళ్ళతో పట్టుకుంటే ఎన్నపూసలో దిగినట్ల వచ్చింది. నల్లది నా బలమంతా పెడితే గానీ కదల్లేదు.

సారు రెండింటి గొట్టాలనూ వెలుతురుకు పెట్టి చూసినాడు. నా అరచెయ్యి తిప్పి చూసినాడు. ఆపైన నా మొగం చూసినాడు.

"ఈ నల్లది తీసుకోప్పా."

"సార్, అది లాగితే రాల్యా!"

"వస్తాది లే. రెండు చేతులూ పెట్టు. పిస్తోలు నచ్చితే సాలదప్పా, మనిషికి సరిపోవల్ల."

ఇంకో మాట కూడా తీసుకున్నాడు. తూటాలు మ్యాగజైన్లోనే ఉండల్ల, గొట్టంలోకి ఎక్కించుకోని తిరగగూడదు. సరే అన్నా. దుడ్లు తక్కువని నాకు ముసలి సామాను అంటగట్టినాడని, తిరుగు బస్సులో ఆయనతో మాట్లాడకుండా కూచున్నా. ఆయన నాకు కూడా పల్లీలు కొనిచ్చి, హాయిగా నిద్రపోయినాడు.

రెండేళ్ళకు ఆ రోజు వచ్చింది. మిట్టమధ్యాన్నం. నా వంతు రోజే. పోయి చూస్తే మోటరు వైరు కోసేసుంది. అన్న గట్టుమీద నిలబడి, "ఏంరా, ఏం పీకుతావో పీకు" అని, చచ్చిపోయిన మా అమ్మను నోటికొచ్చినట్ల తిట్టినాడు. నాకు కండ్లు కనపడలేదు. పిస్తోలు తీసినా. స్లైడు లాగినా. చెమట చేతులు, జారిపోయింది. మళ్ళీ లాగినా, సగం వచ్చి ఎనక్కి కొట్టుకుంది. మూడోతూరి పండ్లు బిగబట్టి లాగితే, బొటనేలి పక్కన కండ దాంట్లో చిక్కి తెగింది. రక్తం బొటబొటా కారింది.

అన్న పారిపోలేదు. నా చేతి దిక్కే చూస్తా ఉన్నాడు. "చెయ్యి కోసుకుంటివి కదరా" అన్నాడు.

చిన్నప్పుడు కొడవలి తగిలి నా చెయ్యి తెగినప్పుడు కూడా ఇదే మాట, ఇదే గొంతు. పిస్తోలు కిందికి దించినా. అన్న భుజం మీది తువాలు తీసి నా మీదికి ఇసిరినాడు. అది చేతికి చుట్టుకోని, ఇద్దరం ఎవురిండ్లకు వాళ్ళం పోయినాం.

సాయంత్రం సారు ఇంటికి పోయి అరిచినా. "ఇది పిస్తోలా, బండరాయా?" సారు మొదట మ్యాగజైను ఊడదీసి, లోపల తడిమి, అప్పుడు నా గాయానికి టించరు పూసినాడు. "ఎవురి మీదికి తీసినావు?" అని అడిగినాడు. చెప్పినా. ఆయన బెంచీ మీద కూలబడి, మొగం తుడుచుకోని, "బతికిపోయినారప్పా, ఇద్దరూ" అన్నాడు. నాకప్పుడు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చినా.

అయినా మనిషి బుద్ధి చూడండి. పోతా పోతా, "స్లైడు సులువుగా వచ్చేటట్ల దీనికి మెత్తని స్ప్రింగు ఏయించండి సార్" అన్నా. "తెప్పిస్తా" అన్నాడు. కనపడినప్పుడల్లా అడిగేవాణ్ణి. "ఇంకా రాలేదప్పా. నీకేమంత అర్జెంటు?" అనేవాడు. అర్జెంటు పోయింది నిజమే. నేనూ, మా అన్నా బోరు నీళ్ళు మూడ్రోజులు ఒకరికని పంచుకున్నాం. వామి ఎవురు కాల్చినారో ఇప్పటికీ తెలీదు. తన పని కాదని అన్న చెప్పినాడు, నేను నమ్మినా.

సారు దినాలకు ఇద్దరం ఒకే బండిమీద గోరంట్ల పోయినాం. భోజనాలైనాక సారు కొడుకు ఒక రేకుపెట్టె తెచ్చినాడు. "తను పోతే ఎవురి సామాన్లు వాళ్ళకు ఇచ్చేయమని ముందే చెప్పిపెట్టినాడు నాయన" అని, అందులోంచి ఒక చిన్న పొట్లం తీసి నాకిచ్చినాడు. పొట్లం మీద సారు రాతలో నా పేరు, మా ఊరి పేరు. చుట్టిన రబ్బరు బ్యాండు ఎండిపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. లోపల నూనె పూసిన కాగితంలో కొత్త స్ప్రింగు. ఎన్నేండ్ల కిందట వచ్చిందో! రాలేదు, రాలేదు అని నాతో ఆడినాడు పెద్దమనిషి. అన్నకు దాని కథంతా చెప్పినా. సారు ఆ నల్లదాన్నే ఎందుకు ఏరిచ్చినాడో అప్పుడు గానీ నాకు ఎక్కలేదు.

అన్న స్ప్రింగు నా చేతిలోంచి తీసుకోని, సారు పని చేసుకునే బెంచీ మీద కూచుని, బొటనేలితో అదిమినాడు. వదిలినాడు. మళ్ళీ అదిమినాడు.

"శానా మెత్తగుండాది రా" అన్నాడు.