రాజన్న పెట్టని హెచ్చరిక

ప్లాస్టిక్ సంచితో నాకు మొదటి నుంచీ పడదు. గోనె సంచి అయితే చెవులు పట్టుకుని లేపొచ్చు. ఇది చేతిలోంచి జారి కాలి మీద పడుతుంది, అదీ ఎప్పుడూ ఎడమ కాలి మీదే. పసుపుకు ఇది బాగుంటుందని కనిపెట్టినవాడు ఎవడో గానీ, సంచి మోసినవాడు మాత్రం కాడు.

దయ్యాల సంగతి కూడా ముందే చెప్పేస్తాను. డిగ్రీలో లెక్కలు చదివాను, రుజువు లేనిదానికి మార్కులు వేయరని అక్కడే తెలిసింది. మా వీధిలో అందరికీ కనిపించిన కొరివి దయ్యం కూడా నన్ను పలకరించలేదు.

తొంభైల మధ్యలో ఆర్మూరులో రాజన్న ఒక కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఫ్యాను కంప్యూటర్లకే. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. పసుపు కొనే అడ్తి దుకాణాలకు ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ప్రతిచోటా అవసరమయ్యే పనులను ఆయన విడివిడిగా రాసి ఒకచోట దాచేవాడు: తూకం ఎక్కించేది, అందులోంచి ఖాళీ సంచి బరువు తీసేసేది, చీటీ అచ్చేసేది. దాన్ని లైబ్రరీ అంటారు. కొత్త ప్రోగ్రాముకు కావలసింది అందులోంచి పిలుచుకోవడమే.

ఏదైనా పాతబడితే ఆయన వెంటనే తీసేసేవాడు కాదు.

"చెప్పకుంట తీస్తె దాన్ని నమ్ముకున్నోడు ఆగమైతడు. ఒక పసుపు సీజన్ చెప్పాలె, గప్పుడు తీయాలె" అనేవాడు.

అందుకని పాతదాన్ని పిలిచినప్పుడల్లా తెర మీద ఒక వరుస వచ్చేది, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు: "పంతులూ, గిది పాతది. కొత్తది వాడు." పంతులు అంటే నేనే. మా నాన్న బడిపంతులు. నాకు ఆ పేరు వచ్చింది, జీతం రాలేదు.

ఒక వానాకాలం రాజన్నకు కామెర్లు ముదిరాయి. నిజామాబాద్ దవాఖానకు చేరేసరికే మాట పడిపోయింది. మూడో రోజు పోయాడు. సెంటర్ నా మీద పడింది.

తర్వాతి సీజన్‌కు ఒక అడ్తిదారు కొత్త కంప్యూటర్ కొన్నాడు. అతనికి ప్రోగ్రాం రాస్తూ, రాజన్న లైబ్రరీలోంచి సంచి బరువు తీసేసే భాగం తీసుకున్నాను. వాడేముందు చదివాను. పన్నెండు వరుసలు. సంచికి కిలో తీసేయమని ఉంది. హెచ్చరిక ఏదీ లేదు.

మొదటి రోజు పొద్దున పదకొండింటికి దొంకేశ్వర్ నుంచి ఇరవై సంచులు కాంటా ఎక్కాయి. తెచ్చింది లక్ష్మక్క, రాజన్న భార్య. ఆమెకు ఆ కాస్త పసుపూ, చుట్టే బీడీలూ తప్ప వేరే ఆధారం లేదు.

మీట నొక్కాను.

"పంతులూ, గిది పాతది. కొత్తది వాడు."

పక్కనే ఉన్న అడ్తిదారు కూడబలుక్కుని చదివాడు. "నన్ను పంతులంటదేంది? నేను సేటును గద" అన్నాడు.

ఆ పన్నెండు వరుసల్లో పాతబడటానికి ఉన్నది ఒక్క కిలోనే, గోనె సంచి బరువు. సంచుల వైపు చూశాను. ఆ ఏడే వచ్చిన ప్లాస్టిక్‌వి. ఖాళీది ఒకటి తూకం వేయించాను. నూరు గ్రాములు. ఆమె తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పసుపులో పద్దెనిమిది కిలోలు నేను గాలిలో కలపబోయాను. ఆమె తర్వాత వరుసలో ఇంకెందరో ఉన్నారు.

'కొత్తది' ఎక్కడా లేదు. సంచి ఏ రకమో అడిగేలా అక్కడే కూర్చుని రాశాను. ముప్పావు గంట పట్టింది. ఆలోపు సేటు రెండు చాయలు తాగాడు, నాకు ఒక్కటీ చెప్పలేదు.

సాయంత్రం పాతదాన్ని మళ్ళీ చదివాను. పన్నెండు వరుసలే. లైబ్రరీ అంతా వెతికినా ఆ మాటలు లేవు. ఎన్నిసార్లు నడిపినా మళ్ళీ రాలేదు. పాత మాటలేవో మెమరీలో మిగిలాయేమో అన్నాడు ఒక స్నేహితుడు. ఆ కంప్యూటర్ రాజన్న పోయాక కొన్నది. కరెంటు లోపం అనుకుందామంటే, కరెంటుకు నా పేరు తెలియదు.

పాతదాన్ని తీసేయలేదు. ఆయన పద్ధతిలోనే ఆ హెచ్చరిక పెట్టి సీజన్ అంతా ఉంచాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

వారం ఆలోచించి లక్ష్మక్కకు చెప్పాను. ఆమె బీడీ చుడుతూ విన్నది. దారం కట్టి, చాటలో వేసింది.

"పోయేటప్పుడు నాకొక్క మాట చెప్పలే తమ్మీ. సంచుల ముచ్చట చెప్పనీకె నీ దగ్గరికి వచ్చిండా?"