కింది అరలో పెట్టిన సీసాలు

ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడిగితే నా దగ్గర ఒకటే జవాబు, అప్పట్లో నాకు రాయడం రాదు. అక్షరాలు నేర్చుకునేసరికి అరవై దాటాయి. బోరబండలో మా వీధి చివర మహిళా సంఘం గదిలో మధ్యాహ్నం పూట చదువు చెప్తారంటే, పని మానేశాక ఇంట్లో తోచక వెళ్లాను. మొదట నా పేరు వచ్చింది, తర్వాత బస్సు బోర్డులు, తర్వాత పేపరు. పోయిన వారం ఆ పేపరులోనే లోపలి పేజీలో ఒక చిన్న ప్రకటనను కూడబలుక్కుని చదివాను. పేదింటి పిల్లలకు, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు వేసవిలో వైద్య పరిశోధనలో శిక్షణ ఇస్తారట, బస, భోజనం వాళ్లవేనట, తల్లిదండ్రులు చదువుకోనివారైతే ఆ సంగతి దరఖాస్తులో తప్పక రాయాలట. ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. పప్పు అడుగంటిన వాసన వచ్చాక లేచాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల కోసం ఆ గుండ్రటి పెద్ద భవనం ఇంకా కడుతున్న రోజులవి. చుట్టూ బండలు, తుప్పలు, రాళ్లు పేల్చినప్పుడల్లా మా గదిలో గాజు సీసాలు సన్నగా మోగేవి. ఆ బండల అవతల ఒక పరిశోధన కేంద్రంలో నేను సీసాలు కడిగేదాన్ని. వాడిన సీసాలను ముందు పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో పెట్టి, ఆవిరికి లోపలి క్రిములు చచ్చాక తీసి, సబ్బునీళ్లలో తోమి, నల్లా కింద ఆరుసార్లు, శుద్ధి చేసిన నీళ్లతో రెండుసార్లు కడిగి బోర్లించాలి. ఇప్పుడు అలాంటి చోట్ల అంతా ప్లాస్టిక్కేనట, ఒకసారి వాడి పారేస్తారట, కడిగే మనిషే అక్కర్లేదట.

మా కడిగే గదిలో ఎవరికీ చదువు రాదు కనుక అక్కడ ఒక పద్ధతి ఉండేది. వరండాలో నిలబెట్టే చక్రాల బండికి రెండు అరలుండేవి. పై అరలోది ముట్టుకోకూడదు, కింది అరలోది కడిగేయాలి. వాటి మీద ఏ కాగితం అంటించి ఉన్నా మాకు లెక్కలేదు. ఎప్పుడైనా చోటు చాలక మంచి సరుకు కింద పెట్టాల్సి వస్తే, పెట్టినవాళ్లు మా తలుపు దగ్గరికి వచ్చి నోటితో చెప్పి వెళ్లేవారు, పెద్ద డాక్టరమ్మ అయినా సరే.

ఆ వేసవిలో ఆ కేంద్రంవాళ్లు, ఇప్పుడు పేపరులో చూసినట్టే, పేదింటి పిల్లలను పది వారాల శిక్షణకు తీసుకున్నారు. మొత్తం ఎనిమిది మంది. వాళ్లలో నా బిడ్డ ఒకతి. డిగ్రీ కాలేజీలో ఆమె లెక్చరర్ ఫారం ఇస్తే తనే నింపి, కాలేజీలోనే పెట్టిన ఇంటర్వ్యూకి పోయి, తనే నెగ్గి వచ్చింది. ఎంపికైనవాళ్లలో పేరు వచ్చాక గానీ అది నేను పనిచేసే చోటని మా ఇద్దరికీ తెలియలేదు. పది వారాలయ్యాక ఇద్దరిని మాత్రం ఏడాది ఉంచుకుని, పై చదువుకు వాళ్లే దారి చూపిస్తారని చెప్పారు. ఆ ఇద్దరిలో తనొకతి కావాలని నా బిడ్డకు ఉండేది. అన్నం తింటూ కూడా అదే మాట.

నేను ఒక షరతు పెట్టాను. అక్కడ నేను ఎవరో, నువ్వు ఎవరో. నా గది వైపు రావద్దు, నాతో మాట్లాడవద్దు. అంతకు ముందు ఏడాది ఒక అటెండరు మేనల్లుడికి స్టోర్స్‌లో పని దొరికితే నెలల తరబడి నోటికొచ్చినట్టు అన్నారు, అది నా చెవుల్లో ఉండింది. సీసాలు కడిగేదాని కూతురు, సిఫారసుతో వచ్చింది అంటారని భయం. నా బిడ్డకు అది నచ్చలేదు, అయినా నా మాట కాదనలేదు.

నాతో కడిగే ఆమెను అందరం ఆపా, అంటే అక్క, అనేవాళ్లం. ఆమె కళ్లు మంచి చురుకు. ఒకరోజు వరండాలో పోతున్న పిల్లలను చూసి నన్ను మోచేత్తో పొడిచింది.

“గా సన్నపిల్లను జర చూడు. ముక్కు అచ్చం నీదే. నీ బిడ్డనా ఏంది?”

“నా బిడ్డ గిట్ల డాక్టరమ్మల ఎన్క తిరిగితే, నేనెందుకు ఆపా ఈడ సీసాలు తోముత?” అన్నాను.

ఆపా పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను.

నా బిడ్డకు అప్పగించిన పని ఒక రకం క్రిములను పెంచి వాటి మీద మందు పని చూడడం. మనుషులకు రోగం తెప్పించనివే, కానీ పెరగడానికి నాలుగు వారాలు పడుతుందట. ఇంటికి వచ్చి, ఇవాళ చుక్కంత కనబడ్డాయమ్మా, ఇవాళ ఆవగింజంత అయ్యాయమ్మా అని చెప్పేది. నాకు అవి సీసాలో పట్టిన పాచి. ఆమె మొహం చూసి ఊ కొట్టేదాన్ని.

ఎనిమిదో వారంలో ఒక పొద్దున క్రిములను పెంచే వాళ్ల వెచ్చటి గదిలో కరెంటు మరమ్మతు వచ్చి, లోపలి సరుకంతా కాసేపు వరండాలోకి తెచ్చారు. నేను రోజూ చేసినట్టే బండి కింది అర ఖాళీ చేసుకుని పోయాను. పన్నెండు సీసాలు, వాటి మీద పెద్ద అక్షరాలతో కాగితం. ఆటోక్లేవ్‌లో పెట్టాను, తీశాను, తోమాను. కాగితం వేడికి తనే ఊడింది.

బోర్లించిన తర్వాత తలుపు దగ్గర నా బిడ్డ నిలబడింది, వెనక ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. ఆమె నన్ను చూడలేదు, నీళ్లు కారుతున్న సీసాలను చూసింది. నాకు అప్పటికే అర్థమైంది. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది.

“ఏం గావాలె అమ్మా?”

“ఏం లేదు, ఆంటీ,” అంది.

ఆ పిల్లలకు పని నేర్పే మేడం వచ్చారు. ఆమెది గోదావరి వైపు, కోపంలో కూడా అండీ పోదు. “అంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టి ఉంది కదండీ, చూడకుండా ఎలా కడిగేశారు?” అన్నారు. ఆపా ఊరుకోలేదు. “చూస్తే ఏమొస్తది మేడం? మాకు సదువొస్తే మీ కుర్సీల కూసుంటుంటిమి,” అంది. మేడం ఆడపిల్లల వైపు తల తిప్పి, కింది అరలో ఎవరు పెట్టారని అడిగారు. నేనే మేడం, అంది నా బిడ్డ. ఇంకా రెండు వారాలే ఉంది. ఆ క్రిములకు నాలుగు వారాలు కావాలి. ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు.

సాయంత్రం ఇంట్లో ఇద్దరం బియ్యం ఏరుతూ కూర్చున్నాం.

“కింద ఎందుకు పెట్టినవ్ బిడ్డా?”

“పైన జాగ లేకుండె. నీకు చెప్దామని తలుపు దాకా వచ్చిన. ఆపా ఉండె.”

“ఉంటే?”

“నువ్వే రావద్దంటివి గద అమ్మా. చిట్టీ రాసి పెట్టిన. ఆపా అన్నా చదువుతదేమో అనుకున్న.”

అంతే. తను నన్ను కొట్టినా బాగుండేది, అరిచినా బాగుండేది. బియ్యంలో రాళ్లు తీసి పక్కన పెట్టింది, కడిగి పొయ్యి మీద వేసింది, తిని పడుకుంది.

ఉంచుకున్న ఇద్దరిలో నా బిడ్డ లేదు. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఒక దవాఖాన ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది, మంచి పేరు ఉంది, ఆ వేసవి మాట ఈ నాటికీ ఎత్తదు. నేనూ ఎత్తను. నేను దాచుకోమన్న సంగతినే ఇప్పుడు దరఖాస్తులో తప్పక రాయమంటున్నారు. కాలం మంచిదే అయింది. ఆ మంచి నా దగ్గరికి వచ్చేసరికి దాన్ని పట్టుకునే చెయ్యి మొద్దుబారిపోయింది, అంతే.

ఆ సీసాలు కడిగిన మరుసటి ఉదయం మాత్రం నేను ఒక పని చేశాను. మేడం గది తెరవక ముందే పోయి బయట నిలబడ్డాను. ఆమె రాగానే, ఆ పిల్ల నా బిడ్డ, నా దగ్గరికి రావద్దన్నది నేను, కడిగింది నేను, తన పనిలో తప్పు లేదు, ఎవరిని ఉంచుకోవాలో రాసే మీ కాగితంలో ఆ మాట రాయండి అన్నాను. మేడం కుర్చీ చూపించి, కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఆమె ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసి, కింద నన్ను సంతకం పెట్టమని, తర్వాత గుర్తొచ్చి, ఆఫీసు నుంచి సిరా పెట్టె తెప్పించారు. పైన ఏం రాశారో నేను అడగలేదు, ఆమె చదివి వినిపించలేదు. వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుని, వరండాలో బండి దగ్గరికి పోయి కింది అర ఖాళీ చేయడం మొదలుపెట్టాను.